గీతకు దూరంగా ఒక చుక్క

ఏప్రిల్ 21, సోమవారం

కాన్వెంటులో సిస్టర్ ప్రతి శుక్రవారం మా డైరీలు తీసుకుని ఎర్ర సిరాతో దిద్దేవారు. అందువల్ల నాకు డైరీలో నిజం రాయడం కన్నా తప్పుల్లేకుండా రాయడం బాగా వచ్చింది. దీన్ని ఎవరూ దిద్దరు. చూద్దాం.

ఈ రోజు పరీక్షల బోర్డు ఆఫీసులో చేరాను. ఆరు నెలల కాంట్రాక్టు. మూడో అంతస్తులో, కిటికీకి వీపు పెట్టి కూర్చునే సీటు. నాకు పని చెప్పే ఆవిడను అందరూ మేడం అంటారు. మాట్లాడేటప్పుడు పెన్సిల్ చెక్కుతూ ఉంటారు. చెక్కిన పెన్సిలుతో రాయగా మాత్రం చూడలేదు.

"అమ్మాయ్, నీకు మాటలు రావా?"

"వచ్చు మేడం."

"మంచిది. ఇక్కడ వాటితో పెద్దగా పని లేదులే."

పని ఇది. ఈ ఏడు బడి చివరి పరీక్ష రాసిన పిల్లలందరి మార్కులూ మాకు వస్తాయి. ఏడాది పొడుగునా బళ్ళో పెట్టిన మూడు పరీక్షల మార్కులు ముందే వచ్చి ఉన్నాయి. వాటిని బట్టి ఎవరికి ఎంత రావచ్చో చెప్పే గీత ఒకటి గీయాలి. ఒక్కో విద్యార్థి ఒక్కో చుక్క. గీతకు మరీ ఎత్తున ఎగిరిపోయిన చుక్కల్ని నేను కంప్యూటరులో రాసే స్క్రిప్టు పట్టుకోవాలి. ఆ పిల్లలు చూసి రాసి ఉంటారని బోర్డు అనుమానం.

మా చెల్లెలు కూడా ఈ ఏడే రాసింది. ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు.

ఏప్రిల్ 24

ఆరు లక్షల వరుసలు. ఫైలు తెరుచుకునేలోపు టీ చల్లారిపోయింది.

గడుల్లో అక్కడక్కడా ఖాళీలున్నాయి. ఒక్క ఖాళీ తగిలినా స్క్రిప్టు ఆగిపోతోంది. మధ్యాహ్నం దాకా దానితో కుస్తీ పట్టి, చివరికి స్క్రిప్టులో ఒక్క వరుస రాశాను. ఖాళీ ఉంటే సున్నా. నడిచింది. మూడు పరీక్షలకూ సగటు తీసి, ఆ మూడు నిలువు వరుసల్నీ తీసేశాను. ఫైలు తేలికపడింది.

పక్క సీటులో కళ్లజోడాయన పట్టుబడిన పిల్లలకు పంపే ఉత్తరాలు అచ్చువేస్తాడు. నా తెర వైపు తొంగి చూసి, "పాపం మీ వాటా, పోస్టు ఖర్చు నా వాటా" అన్నాడు. నవ్వాలని తెలిసేలోపు అటు తిరిగిపోయాడు.

ఏప్రిల్ 30

పోయినేటి మార్కుల మీద గీత కుదుర్చుతున్నాను. తిన్నని గీత పనికిరాలేదు. మార్కులు వంద దగ్గర ఆగిపోతాయి కనుక పైకి వెళ్ళేకొద్దీ చుక్కలు తల వంచుతాయి. మూడో ఘాతం వక్రరేఖ పెడితే దాని తోక పైకి లేచి, బాగా చదివేవాళ్ళకు నూట ఆరు రావాలంది. చివరికి చుక్కల్ని చిన్న చిన్న గుంపులుగా తీసుకుని, ఏ గుంపుకు తగ్గ వంపు ఆ గుంపుకిచ్చి, అన్నిటినీ కలిపే పద్ధతి పెట్టాను. గీత చుక్కల మధ్య ఒదిగి కూర్చుంది. దుప్పటి కింద పడుకున్న మనిషి ఆకారంలా.

నా చేత్తో ఇంత అందమైన పని ఎప్పుడూ చేయలేదు. ఎవరికైనా చూపించాలనిపించింది. అమ్మకు చూపిస్తే ఏమీ అర్థం కాకపోయినా "ఎంత బాగుందే" అనేది.

మే 6

మా చెల్లెల్ని ఇంట్లో టముకు అంటాం. ఏ మాటా దాని నోట్లో ఆగదు, వీధి చివరిదాకా వినిపించాల్సిందే. అమ్మ పెట్టిన పేరు. అది చెప్పినదాంట్లో సగం తీసేసి వినాలని అమ్మే అనేది. నేను కాన్వెంటులో చదివినందుకు అది నన్ను మదర్ గారూ అంటుంది.

ఈ రోజు భోజనాల దగ్గర మొదలుపెట్టింది. "మదర్ గారూ, మీ ఆఫీసులో పట్టపగలే చుక్కలు చూపిస్తారట కదా!"

"ఎవరన్నారు?"

"నేనే అంటున్నా."

నాన్న నవ్వాడు. నాన్న లిఫ్టులు బాగుచేస్తాడు. పెద్ద పెద్ద భవనాల్లో చీకటి గుంతల్లోకి దిగి పనిచేసి వచ్చి, ఇంట్లో కూడా అలాగే ఉంటాడు. నవంబరు తరవాత ఆయన నవ్వు వినడం ఇదే మొదలు.

టముకు రెచ్చిపోయింది. "నాకు తొంభై దాటుతాయి చూడండి. నర్సింగు స్కూల్లో చేరిపోతా. ఆ వార్డులో పొడుగు నర్సు ఉండేది చూడు, అచ్చం ఆవిడలాగా. కబుర్లు చెప్తూ సూది గుచ్చేస్తా, గుచ్చినట్టే తెలీదు."

వార్డు అన్న మాట పడగానే నాన్న నవ్వు ఆగిపోయింది. ముగ్గురం ఎవరి కంచంలోకి వాళ్ళం చూసుకున్నాం. మా ఇంట్లో నవంబరు గురించి ఎవరం మాట్లాడం.

మే 12, సోమవారం

చివరి పరీక్ష మార్కులు వచ్చాయి. స్క్రిప్టు నడిపాను. తెర మీద చుక్కలు ఒక్కసారిగా మేఘంలా పరుచుకున్నాయి. మధ్యలో నా గీత.

చుక్కలు గీతకు మామూలుగా ఎంత ఎడంగా ఉంటాయో, దానికి నాలుగు రెట్లు పైకి పోయినవాటిని పట్టుకోమని మేడం ఆజ్ఞ. మూడు వందల పైచిలుకు దొరికాయి. ఎర్ర రంగు వేశాను.

"ఇంతకాలం ఎవడో ఆకాశరామన్న ఉత్తరం రాస్తే తప్ప పట్టుకునేవాళ్ళం కాదు. నువ్వు కుర్చీలోంచి లేవకుండా పట్టేశావు" అన్నారు మేడం. నా చెవులు వేడెక్కాయి.

మే 13

నంబర్లే ఉంటాయి, పేర్లుండవు. నంబర్ల వెనక ఎవరున్నారో చూడబోమని చేరిన రోజునే సంతకం పెట్టాను.

టముకు నంబరు నాకు కంఠతా వచ్చు. హాలుటిక్కెట్టు ఎక్కడో పారేసుకుంటుందని, పరీక్షలన్నాళ్ళూ నా సంచిలోనే పెట్టుకున్నాను. వెతకకూడదు.

మే 14

వెతికాను. ఎర్ర రంగులో ఉంది.

మే 15

గొడుగు బస్సులో మరిచిపోయాను. కొత్తది కొనాలి. అమ్మది ఒకటి తలుపు వెనక వేలాడుతోంది కానీ అది ఎవరం తీయం.

మే 17

బళ్ళో సగటు యాభై నాలుగు. గీత ప్రకారం రావలసింది అరవై ఒకటి. వచ్చింది తొంభై మూడు.

నాలుగు రెట్లను నాలుగున్నర చేస్తే చాలు, అది ఎర్ర జాబితాలోంచి బయటపడుతుంది. దానితో పాటు ఇంకో తొంభై మంది బయటపడతారు. ఎవరూ అడగరు. ఒక్క అంకె.

మార్చలేదు. మా చెల్లెలని ఒక నీతి, ఇంకొకరి చెల్లెలని ఇంకో నీతి ఉండదు. ఫైలు మేడంకు పంపించేశాను. సిస్టర్ ఉంటే మెచ్చుకునేవారు.

అది చూసి రాసే మనిషేనా అని నన్ను నేను అడగలేదు. లెక్కను అడిగాను. లెక్క చెప్పింది.

మే 26, సోమవారం

ఫలితాలు. టముకు ఫోను పట్టుకుని వీధంతా వినబడేలా నంబరు చదువుతూ కొట్టింది. తరవాత దాని గొంతు వినబడలేదు.

"అక్కా, నిలిపివేయబడింది అని వస్తోంది. అంటే ఏమిటి?"

తెలియదన్నాను.

మే 28

నాన్న లిఫ్టు గ్రీజు చేతులు కడుక్కోకుండానే నా గదిలోకి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"నువ్వక్కడే పనిచేస్తావు కదమ్మా. నీకు తెలిసే ఉంటుంది. అది చూసి రాసిందా?"

"నేనెలా చెప్పగలను నాన్నా?"

"నువ్వు కాకపోతే ఇంకెవరు చెప్తారు? నేను ఆ చదువు చదివానా?"

"లెక్క అలాగే చెప్తోంది."

ఆయన చేతుల వైపు చూసుకున్నాడు. "లెక్క తప్పడం ఉంటుందా?"

"ఆరు లక్షల మంది మీద కట్టింది నాన్నా."

అంతమంది మీద కట్టిందంటే నిజమే అయి ఉంటుందని ఆయనకు అనిపించినట్టుంది. తల ఊపి వెళ్ళిపోయాడు. తలుపు మీద ఆయన వేళ్ళ నల్ల గుర్తులు మిగిలాయి. తుడిచాను.

జూన్ 4

ఉత్తరం వచ్చింది. కవరు మీద అతికించిన చీటీ కొంచెం వంకర. కళ్లజోడాయన ఎప్పుడూ అలాగే అతికిస్తాడు. చూసి రాశానని ఒప్పుకుంటే డిసెంబరులో మళ్ళీ రాయనిస్తారు. కాదని వాదించి, విచారణలో నెగ్గకపోతే మూడేళ్ళు ఏ పరీక్షా రాయనివ్వరు. విచారణ తొమ్మిదో తేదీన.

"గతంలోని ప్రతిభకు పొంతన లేని మార్కులట! నాకేం తక్కువొచ్చాయి? మొదటిదాంట్లో డెబ్బై ఎనిమిది, ఆఖరిదాంట్లో ఎనభై నాలుగు. మా టీచరు క్లాసందరి ముందూ చెప్పింది."

"మధ్యదాంట్లో?"

టముకు తల తిప్పుకుంది.

కాగితం మీద లెక్క వేసి చూశాను. సగటు యాభై నాలుగు కావాలంటే మధ్యది సున్నా అవ్వాలి. సున్నా ఎవరికైనా వస్తుందా? పేరు రాసి వచ్చినా రెండో మూడో వేస్తారు. కాబట్టి ఆ డెబ్బై ఎనిమిదీ ఎనభై నాలుగూ అబద్ధం. సగం తీసేసి వినాలి.

"ఒప్పేసుకో" అన్నాను.

"చేయనిదాన్నా?"

"మూడేళ్ళు పోతాయి. ఒప్పుకుంటే ఆరు నెలలే."

"అది కాదు నేనడిగేది. అక్కా, నేను చేశానని నువ్వనుకుంటున్నావా?"

నేను దాని మొహం చూడలేదు. ఉత్తరం మడత పెడుతూ, "నేనేమనుకుంటే ఏం? గీత ఏం చెప్తే అదే వాళ్ళూ చెప్తారు" అన్నాను.

"గీతా? ఏం గీత?"

చెప్పాను. ఎలా గీశానో అంతా చెప్పాను. బహుశా కొంచెం గర్వంగానే చెప్పి ఉంటాను. అది చివరిదాకా విని, "ఓహో. గీసింది నువ్వా" అంది.

జూన్ 9, సోమవారం

విచారణ మా అంతస్తులోనే. పొడుగు బల్ల, అటువైపు ముగ్గురు, ఇటువైపు ఒక కుర్చీ. పిల్లలు, తల్లిదండ్రులు మెట్ల మీద దాకా నిలబడ్డారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. టముకు రెండు జడలు వేసుకుంది. జడల్లో అది చిన్నపిల్లలా కనిపిస్తుంది. ఆ సంగతి తెలిసే వేసుకుందేమో అనుకున్నాను. ఎంత సులువుగా అనుకున్నానో.

నేను ఫైళ్ళ అలమారా వెనక నిలబడ్డాను. నీళ్ళు తాగడానికి బయటికి రాకతప్పలేదు. వరండాలో ఎదురెదురుగా పడ్డాం. టముకు నన్ను చూసింది. నాన్న నోరు తెరవబోతుంటే ఆయన మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. ఎవరో తెలియనట్టు నా పక్కనుంచే వెళ్ళిపోయింది.

నా ఉద్యోగం కోసం చేసింది ఆ పని.

తలుపు లోపల నుంచి మేడం గొంతు. "చూడమ్మా, నీ మంచికే చెప్తున్నా. అందరూ ఒప్పుకుంటున్నారు. సంతకం ఇక్కడ, తేదీ ఇక్కడ."

టముకు గొంతు వినబడుతుందని చూశాను. వినబడలేదు.

జూన్ 10

ఆఫీసులో చాలా పని.

జూన్ 22, ఆదివారం

ఇంట్లో చప్పుడు లేదు. టముకు వంట చేస్తుంది, బట్టలు ఆరేస్తుంది, అడిగినదానికి జవాబిస్తుంది. అడిగినంతే. పక్కింటి పెద్దావిడ గోడ మీంచి, "మీ ఇంట్లో రేడియో పాడైందా ఏమిటే?" అంది. ఎవరం నవ్వలేదు.

దాన్ని టముకు అని పిలవడానికి నోరు రావడం లేదు. అసలు పేరుతో పిలిస్తే ఎవరినో పిలిచినట్టుంది. అందుకని పిలవడమే మానేశాను.

కొన్నాళ్ళకు సర్దుకుంటుంది.

జూన్ 30

నర్సింగు స్కూలులో చేరడానికి ఈ రోజే ఆఖరు. ఎవరం ఆ మాట ఎత్తలేదు. నాన్న పని నుంచి ఆలస్యంగా వచ్చాడు.

జులై 3

మేడం పైవాళ్ళకు నివేదిక తయారుచేస్తున్నారు. మనం పట్టుకున్న ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది తప్పు ఒప్పుకున్నారట. "ఇంతకంటే రుజువేం కావాలి? నీ గీత బంగారం" అన్నారు. వచ్చే ఏడు నన్ను పర్మనెంటు చేయిస్తానన్నారు.

కళ్లజోడాయన గొంతు తగ్గించి, "ఒప్పుకోకపోతే మూడేళ్ళు పోతాయంటే నేనైనా ఒప్పుకుంటాను, నేనా పరీక్ష రాయకపోయినా సరే" అన్నాడు.

ఈసారి జోకు అర్థమైంది. నవ్వు రాలేదు.

నివేదికలో పెట్టడానికి బొమ్మలు కావాలట. సగటుకు కాకుండా, బళ్ళో పెట్టిన మూడు పరీక్షలకూ విడివిడిగా గీసివ్వమన్నారు. మళ్ళీ పెద్ద ఫైలు తెరవాలి.

జులై 7, సోమవారం

మొదటి పరీక్ష బొమ్మ బాగానే వచ్చింది.

రెండోదాంట్లో అడుగున నల్లటి పట్టీ ఒకటి. ముద్రలో లోపమేమో అనుకుని పెద్దది చేసి చూశాను. పట్టీ కాదు. చుక్కలు. చుక్క పక్కన చుక్క, నేల మీద చీమల బారులా. అన్నీ సున్నా దగ్గరే. ఒకటి, రెండు, మూడు మార్కులు వచ్చినవాళ్ళు దాదాపు లేరు. సున్నా వచ్చినవాళ్ళు వేలమంది.

సున్నా ఎవరికైనా వస్తుందా?

అసలు ఫైలు తెరిచాను. అక్కడ సున్నాలు లేవు. ఆ గడులన్నీ ఖాళీ. ఆ రోజు బడికి రాని పిల్లలు.

ఈ డైరీ వెనక్కి తిప్పాను. ఏప్రిల్ 24. ఖాళీ ఉంటే సున్నా. నడిచింది.

ఏడాది పొడుగునా బడికి రాని పిల్లలకు చివర్లోనూ తక్కువే వచ్చాయి, వాళ్ళెవరూ పట్టుబడలేదు. బాగా చదివే పిల్లలు, ఏదో ఒక్క రోజు రాలేకపోయినవాళ్ళు, వాళ్ళే ఎర్రబడ్డారు. జ్వరం వచ్చినవాళ్ళు. చెయ్యి విరిగినవాళ్ళు. ఇంట్లో ఏదో జరిగినవాళ్ళు.

ఒక నంబరు కొట్టి చూశాను. డెబ్బై ఎనిమిది. ఖాళీ. ఎనభై నాలుగు.

రెండో పరీక్ష తేదీ నవంబరు పందొమ్మిది.

ఆ తేదీ నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

జులై 8

స్క్రిప్టులో ఆ ఒక్క వరుస తీసేశాను. ఖాళీలను ఖాళీలుగానే వదిలేసి, ఉన్నవాటికే సగటు తీయమని రాశాను. రాయడానికి పెన్సిల్ చెక్కినంత సేపు కూడా పట్టలేదు. పట్టుబడిన మూడు వందల పైచిలుకులో ముప్పై మంది కూడా మిగల్లేదు. టముకు చుక్క గుంపు మధ్యలోకి వెళ్ళి కలిసిపోయింది. వెతికితే తప్ప కనబడలేదు.

పాతదీ కొత్తదీ రెండు బొమ్మలూ అచ్చు తీసి మేడం బల్ల మీద పెట్టాను. మేడం చాలాసేపు చూశారు. ఆవిడకు అర్థమైంది. అది ఆవిడ మొహంలో కనిపించింది.

"కానీ వీళ్ళు ఒప్పుకున్నారు కదా అమ్మాయ్?"

"మూడేళ్ళు పోతాయని భయపడి ఒప్పుకున్నారు మేడం."

"ఎలా ఒప్పుకున్నా సంతకం సంతకమే. బొమ్మలు తప్ప నివేదికంతా పైకి వెళ్ళిపోయింది. సీట్లు నిండిపోయాయి. ఇప్పుడు తప్పయిందంటే మూడు వందల ఇళ్ళవాళ్ళు వచ్చి ఈ మెట్ల మీద కూర్చుంటారు. వచ్చే ఏటికి సరిచేద్దాం. ఈ కాగితాలు నీ దగ్గరే ఉంచు."

"మా చెల్లెలు ఉంది మేడం అందులో."

పెన్సిల్ చెక్కడం ఆగింది.

"ఎప్పటినుంచి తెలుసు?"

"మే నెల నుంచి."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెల్లెలి కోసం ఏమైనా చేశానంటారని."

మేడం కుర్చీలో వెనక్కి వాలారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "ఇప్పుడు మాత్రం ఏమంటారనుకుంటున్నావు? పిచ్చిదానా, నీ లెక్క నూటికి నూరుపాళ్ళు నిజమే కావచ్చు. ఇక దాన్ని ఎవరు నమ్ముతారు?"

జులై 9

పొద్దున్నే రాస్తున్నాను. ఆఫీసుకు వెళ్ళలేదు.

నవంబరు పందొమ్మిది. ఇది ఎక్కడా రాసుకోలేదు.

టముకు యూనిఫారం వేసుకుని, రెండు జడలు వేసుకుని, రాసే అట్ట చంకలో పెట్టుకుని పరీక్షకు బయలుదేరింది. బడి గేటు దగ్గర ఉండగా నాన్న ఫోను చేశాడు. అది అటునుంచి అటే ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది. వార్డులో ఫ్యాను తిరగడం లేదు. అమ్మకు చెమటలు పట్టేస్తున్నాయి. టముకు మంచం అంచున కూర్చుని ఆ అట్టతో విసరడం మొదలుపెట్టింది. విసురుతూ కబుర్లు చెప్తోంది. బస్సులో ఎవరో చెప్పు పారేసుకున్న కథ. అమ్మ కళ్ళు మూసుకునే కొంచెం నవ్వింది. నవ్వినట్టనిపించింది. పొడుగు నర్సు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, "ఇక చాలమ్మా" అంది. టముకు ఆపలేదు. నాన్న వచ్చి అట్ట లాక్కునేదాకా విసురుతూనే ఉంది.

ఆ అట్ట క్లిప్పుకు ఆ పరీక్షకు బళ్ళో ఇచ్చిన హాలుటిక్కెట్టు ఇంకా పెట్టి ఉంది.

నేను మంచానికి ఇటుపక్క కూర్చుని ఉన్నాను. అన్నీ చూశాను. అది పరీక్ష రాయలేదని ఈ లోకంలో ముగ్గురికి తెలుసు. వాళ్ళలో నేను ఒకదాన్ని.

మధ్యదాంట్లో అని అడిగింది కూడా నేనే.

జులై 12, శనివారం

బోర్డు పెద్దలకు ఉత్తరం రాశాను. రెండు బొమ్మలూ జతచేశాను. తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరు చేశారో, మా చెల్లెలు అందులో ఉందన్న సంగతితో సహా రాసి, నా పేరు పెట్టాను. సాయంత్రానికి సోమవారం నుంచి రానక్కర్లేదన్నారు. నా వస్తువులు కళ్లజోడాయన అట్టపెట్టెలో సర్దిపెట్టాడు. "మీ ఉత్తరానికి ఇంకో కాపీ తీసి ఉంచాను. పైది పోయినా ఇది ఉంటుంది" అన్నాడు. అందులో జోకేమైనా ఉందేమోనని చూశాను. లేదు.

ఇంటికొచ్చి నాన్నను, టముకును కూర్చోబెట్టి చెప్పాను. ఖాళీ గడులు, సున్నా, తేదీ. ఆ తేదీ నోటితో అన్నాను. నాన్న లేచి పంపు దగ్గరికి వెళ్ళి, శుభ్రంగా ఉన్న చేతులే మళ్ళీ కడుక్కోవడం మొదలుపెట్టాడు.

"నువ్వు చూసి రాయలేదు" అన్నాను.

టముకు బట్టలు మడతపెడుతోంది. "అవునా?" అంది.

"అవునా ఏమిటే? నీకు తెలియదా?"

"మొదట తెలిసేది అక్కా. సంతకం పెట్టాక ఆలోచించాను. ఆ రోజు నా ముందు కూర్చున్న అమ్మాయి కాగితం కొంచెం ఇటు తిరిగి ఉండేది. చూశానేమో. అంతమంది చూశావన్నారు కదా. నువ్వు కూడా అన్నావు."

"నేనన్నది తప్పు."

"సరే."

ఆ సరేలో కోపం లేదు. ఇంకో చొక్కా తీసుకుని చేతులు వెనక్కి మడిచింది.

"పెద్దలు నీ ఉత్తరం చదువుతారా?"

"తెలియదు."

"చదవకపోతే డిసెంబరులో నేను మళ్ళీ రాయాలి కదా." "అప్పుడూ గీత పెడతారా?"

"పెడతారు."

"పాతదేనా?"

"పాతదే."

"అయితే దాని ప్రకారం నాకెంత రావాలో చెప్పు అక్కా. అంతే రాసి వచ్చేస్తాను. తెలిసినవి కూడా కొన్ని వదిలేస్తాను. మళ్ళీ ఎవరూ పిలవకుండా."

చాలా రోజులకు అది అంత పొడుగు మాట మాట్లాడింది. నా మొహంలోకి చూస్తూ జవాబు కోసం ఆగింది. నిజంగానే అడుగుతోంది.

నాకు ఆ అంకె తెలుసు. మే 17 నుంచి తెలుసు. ఈ డైరీలో ఉంది.

చెప్పలేదు. దాని చేతిలో చొక్కా తీసుకుని మడత పెట్టాను. సరిగ్గా కుదరలేదు. అది నా చేతిలోంచి తీసుకుని, విప్పి, మళ్ళీ మడిచింది.